చక్కెర జబ్బు ఇంట తెల్ల కోడికూర
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇంతకు ముందు పంచాంగము వినిపించిన పెద్దలు ఏ రాశికి ఆదాయమెంతో, వ్యయమెంతో చెప్పారు. మా వంతుకు వచ్చినది వంట. కవి సమ్మేళనమునకూ భోజనములకూ నడుమ కొద్ది నిమిషములు ఖాళీ ఉన్నదనీ, ఆ సమయములో ఆకలి పుట్టించే మాటలు నాలుగు చెప్పుమనీ కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. మేము పండితులము కాము, డాక్టర్లము అసలే కాము. మెట్రిక్ చదివి రైల్వే పార్సెలు ఆఫీసులో గుమాస్తాగా ఉన్న వారము. చద్దర్ల మూటలు తూచుట, తూకము వ్రాయుట మా పని. ఆ తూకపు బుద్ధి వంటయింటిలోకి పోతే ఏమి తేలిందో అది చెప్పుటకు నిలుచున్నాము.

మనము ఉంటున్న పేటలలో ఒకటి సాఖర్ పేట. పేరులోనే చక్కెర ఉన్నది! పేరు సంగతి నవ్వుకొనుటకు బాగున్నది గాని, అక్కడ మొదలుపెట్టి అశోక్ చౌక్ దాకా ఏ గల్లీలో నిలిచి అడిగినా చక్కెర జబ్బు మాత్రలు మింగేవారు తగులుతారు. ఇది మన ఒక్క ఊరి మాట కాదు. భారత వైద్య పరిశోధనా మండలి తరఫున జరిగిన పెద్ద పరిశీలన ఒకటి 2023లో వెలువడింది. దాని లెక్కలో మన దేశమున 10 కోట్ల 10 లక్షల మందికి ఈ జబ్బు ఉన్నది. పెద్దవారిలో నూటికి 11 మందికి పైగా అన్నమాట.

ఐతే నేతగాని ఇంట ఈ జబ్బుకు ఇంకొక అర్థమున్నది. చక్కెర ముదిరితే మొదట దెబ్బ తినేవాటిలో కన్నూ కాలూ ఉన్నవి. మరమగ్గము మీద పనిచేసేవానికి ఆ రెండే ఆస్తి. పోగు తెగినది కన్ను చూడవలె. పాళీ ముగిసేదాకా మగ్గముల నడుమ కాలు నిలువవలె. మా అన్న మగ్గముల మీదనే బ్రతుకుతున్నాడు. ఒక వర్షాకాలములో చెప్పు కొరికి అతని కుడికాలి బొటనవ్రేలికి పుండు పడింది. నెల దాటినా మానలేదు. బట్ట దిగితేనే కూలి గనుక కాలికి గుడ్డ కట్టుకొని పనికి పోయేవాడు. చూచిన డాక్టరుగారు కోపపడి, "మందు నేను ఇస్తాను, పళ్ళెము మీరు మార్చండి. లేకుంటే వేలు మిగలదు" అన్నారు.

పళ్ళెము మార్చుట అనే మాట ఎంత సులువుగా ఉన్నదో, పని అంత కష్టము. మేము మార్చిన మొదటి పళ్ళెములో నీళ్ళ పప్పు, ఉడికిన ఆకుకూర, గ్లాసెడు కాకరకాయ రసము ఉండేవి. అన్న నాలుగు దినములు మాట్లాడక తిన్నాడు. ఐదవ దినము రాత్రి వంటయింటిలో డబ్బా మూత చప్పుడైంది. వదిన లేచి చూస్తే అతడు చీకటిలో కూర్చుండి కడక్ రొట్టెలు విరిచి పల్లీల పొడిలో అద్దుకొని తింటున్నాడు. వదిన కేకలు వేయలేదు. దీపము వేసి, "ఆకలైతే చెప్పరాదా?" అని మంచినీళ్ళు ఇచ్చింది. చక్కెర జబ్బువానికి పత్యము తెలుపుతారు గాని ఆకలి తీరే దారి తెలుపరు. పది పన్నెండు గంటలు నిలబడి పనిచేసే మనిషి కాకరకాయ రసముతో నిద్రపోలేడు. అతని కడుపు నిండవలె, రక్తములో చక్కెర పెరుగరాదు. మేము వెదికినది అట్టి కూర.

జొన్నరొట్టె గురించి ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మన పెద్దలు కరీంనగరము నుండి, నల్లగొండ నుండి, పాలమూరు నుండి వచ్చిన కాలములో భాష మారింది, రాజ్యము మారింది, రొట్టె మాత్రము మారలేదు. బొంబాయి వైపు నుండి రైలు షోలాపూరు చేరినది 1860లో. వాడి నుండి సికింద్రాబాదుకు దారి పడినది 1874లో. ఆ దారుల వెంట వచ్చినవారికి ఇక్కడ కూడ జొన్న చేలే ఎదురైనవి. మంగళవేఢ జొన్న పేరు వినని వారు ఈ జిల్లాలో లేరు. కాబట్టి రొట్టె మీద మాకు పగ లేదు. కాని "అన్నము మానండి, రొట్టె తినండి" అని ఎవరైనా అంటే, దానిని "ఎన్ని రొట్టెలైనా తినండి" అని అర్థము చేసుకొనే అలవాటు మన పేటలలో బాగా ఉన్నది.

అమ్మ చేసే రొట్టెకు ఎంత పిండి పడుతున్నదో మేము తూచినాము. రైల్వే కాటా మీద కాదు లెండి, గల్లీ చివరి కిరాణా కాటా మీద. రొట్టెకు 80 గ్రాములు. జొన్న పిండిలో నూటికి సుమారు 70 పాళ్ళు పిండిపదార్థమే. అనగా ఒక రొట్టెలో 50 గ్రాములకు పైగా. పూటకు నాలుగు రొట్టెలంటే 200 దాటింది. చెంచాకు 5 గ్రాముల చొప్పున అది 40 చెంచాల చక్కెరకు సరి. జొన్నలో పీచు ఉన్నది, అది కొంత నెమ్మదిగా అరుగుతుంది, తెల్ల అన్నము కంటె మేలే. అయినా నలభై చెంచాలు నలభై చెంచాలే. ఈ లెక్క విన్న నాడు అమ్మ కాటావానిని తిట్టింది.

ఇక కూర సంగతి. టెక్సాస్ రాష్ట్రములో ఉద్యోగము చేస్తున్న మా పిన్ని కొడుకు ఒక ఆదివారము ఫోనులో తన పొయ్యి చూపించాడు. తెల్లగా, చిక్కగా ఏదో ఉడుకుతున్నది. అక్కడివారు దానిని వైట్ చిల్లీ అంటారట. ఏటా నవంబరు నాలుగవ గురువారము వారికి థాంక్స్‌గివింగ్ పండుగ. ఆనాడు టర్కీ కోడిని నిలువునా కాల్చుకొని తింటారు. మన కోడికి రెండింతలో మూడింతలో ఉండే పక్షి అది, ఒక్క పూటలో ఎక్కడ ముగుస్తుంది? మిగిలిన మాంసమును పచ్చిమిరప, జీలకర్ర, తెల్ల చిక్కుడు గింజలు వేసి మరునాడు ఉడికిస్తారు. చక్కెర జబ్బువారు గింజలు తీసివేసి వండుకొంటారు. ఎండిన చిక్కుడు గింజలలో నూటికి 60 పాళ్ళ వరకు పిండిపదార్థము ఉండుటయే కారణము.

మిరపకాయ పుట్టినిల్లు ఆ ఖండమే. పోర్చుగీసువారు పదహారవ శతాబ్దములో మన ఒడ్డుకు తెచ్చేదాకా మన తాతలు మిరియముతోనే కారము తిన్నారు. కాబట్టి ఎర్రకారము లేకుంటే అది తెలుగు కూర కాదని ఎవరైనా అంటే నమ్మకండి. పక్కనున్న కొల్హాపూరువారు పాంఢరా రస్సా అని కొబ్బరిపాలు, నువ్వులు, గసగసాలు వేసి తెల్ల పులుసు కాచుకొంటారు. అది పలుచన, గిన్నెలో పోసుకొని త్రాగుతారు. మనకు కావలసినది చెంచా నిలిచే కూర.

టర్కీ కోడి మన బజారులో సులువుగా దొరకదు. దొరికినచోట కొనుక్కోండి, కాదనము. ఆ మాంసములో కొవ్వు తక్కువ గనుక ఎక్కువ సేపు ఉడికితే పీచై పోతుంది. మేము మామూలు కోడినే వాడుతున్నాము.

ఆరుగురికి చర్మము తీసిన కోడి ఎముకలతో సహా ఒక కిలో. గోబీపువ్వు అర కిలో. ఉల్లిగడ్డలు రెండు. ఎల్లిగడ్డ పది రెబ్బలు, అల్లము బొటనవ్రేలంత. లేత ఆకుపచ్చగా, పెద్దగా ఉండే మిరపకాయలు ఐదారు. బజారులో వీటిని పోపటీ మిర్చి అంటారు. కారము చాలని వారికి మామూలు పచ్చిమిర్చి రెండు. పల్లీలు 75 గ్రాములు, తెల్లనువ్వులు రెండు చెంచాలు. జీలకర్ర రెండు చెంచాలు, ధనియాల పొడి ఒకటి, తెల్ల మిరియాల పొడి అర చెంచా. చక్కా ఒక గిన్నెడు. చక్కా అంటే పెరుగును గుడ్డలో కట్టి నీరు కార్చినది. గుడి పాడ్వాకు ఇరుగు పొరుగు మరాఠీవారు శ్రీఖండము చేసుకొంటారు గనుక ఈ వారమంతా ప్రతి పాల దుకాణములో చక్కా దొరుకుతుంది. మన ఉగాది, వారి పాడ్వా ఒకే నాడు పడుట ఈ కూరకు కలిసివచ్చింది. తియ్యని శ్రీఖండము మాత్రము తెచ్చుకోకండి, అడిగి చక్కా తీసుకోండి.

పొయ్యి వెలిగించే ముందు పల్లీలను కాగిన నీళ్ళలో నానవేయవలె. వేయించరాదు. వేయిస్తే రంగూ రుచీ మారి, కూర మన పల్లీల పొడి వాసన కొడుతుంది. అరగంట తరువాత అరచేతితో రుద్దితే పొట్టు ఊడివస్తుంది. నువ్వులతో కలిపి మిక్సీలో వెన్నలాగా నూరవలె. పలుకు మిగిలితే కూర గరగరలాడుతుంది. పెద్ద మిరపకాయలను వంకాయ కాల్చినట్లు మంట మీద నల్లబడేదాకా కాల్చి, మూతపెట్టి చల్లార్చి, పొట్టు తీసి, గింజలు దులిపి సన్నగా తరగవలె. ఈ పనికి విసుగుపడి పచ్చివే వేసినవారు మా ఇంట ఉన్నారు, పేరు చెప్పము. కాల్చిన మిరపకాయ వాసన లేకుంటే ఇది ఉత్త తెల్ల కోడికూర, అంతే.

తపేలాలో ఆరు గ్లాసుల నీళ్ళు, ఉప్పు, చితక్కొట్టిన అల్లము, కోడి ముక్కలు వేసి సన్నని సెగ మీద అరగంట ఉంచవలె. పైకి తేలిన నురుగు తీసివేయవలె. నాటుకోడి ఐతే కుక్కరు తప్పదు. ముక్కలు పైకి తీసి, చేయి కాలకుండా చల్లారిన పిమ్మట మాంసమును వేళ్ళతో పీచులుగా విడదీయవలె. ఎముకలు తిరిగి ఆ నీళ్ళలోనే వేసి ఇంకొక పావుగంట మరిగించి వడబోయవలె. ఎముకలు పారవేసి బజారు మసాలాతో రుచి కొనుక్కొనుట దండుగ ఖర్చు.

ఇప్పుడు గోబీపువ్వు. సగము పువ్వును ఆ పులుసులోనే మెత్తగా ఉడికించి, తీసి, నూరి పెట్టుకోవలె. మిగతా సగమును చిక్కుడు గింజంత తునకలు చేయవలె. నూరినది చిక్కదనము ఇస్తుంది, తునకలు గింజలున్న చోటు నింపుతవి. గోబీ లేని కాలములో లేత సోరకాయ వాడవచ్చును.

వేరొక గిన్నెలో కుసుమ నూనె రెండు చెంచాలు కాచి జీలకర్ర చిటపటలాడిన తరువాత సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ వేయవలె. ఉల్లిగడ్డ మెత్తబడవలె గాని ఎర్రబడరాదు. ధనియాల పొడి, కాల్చిన మిరపకాయలు, మామూలు పచ్చిమిర్చి కలిపి, పులుసు పోసి, గోబీ తునకలు వేయవలె. అవి సగము ఉడికినాక పల్లీల ముద్ద, గోబీ ముద్ద, మాంసము వేసి పది నిమిషములు అడుగంటకుండా కలుపుతూ ఉండవలె. అమెరికావారు ఇందులో ఓరిగానో అనే ఆకు వేస్తారు. మన గుమ్మముల ముందు కుండీలలో పెరిగే వాము ఆకు దానికి దగ్గర వాసన ఇస్తుంది. నాలుగు ఆకులు తరిగి వేస్తే చాలు.

చక్కా దగ్గర ఒక మర్మము ఉన్నది. పెరుగు పులుసులు కాచేటప్పుడు మనము శనగపిండి కలుపుతాము. ఆ పిండియే పెరుగును విరగకుండా పట్టి ఉంచుతుంది. ఇక్కడ మనము పిండి వేయుట లేదు. కాబట్టి తపేలాను పొయ్యి మీది నుండి దించి, ఐదు నిమిషములు ఆగి, చక్కాలో గరిటెడు వేడి పులుసు కొంచెము కొంచెముగా పోస్తూ చిలికి, అప్పుడు కూరలో కలుపవలె. కలిపిన తరువాత మళ్ళీ మరిగించరాదు. మరిగిందా, విరిగిన పాలవలె పలుకులు కడుతుంది. మిరియాల పొడి, సగము నిమ్మకాయ రసము, కొత్తిమీర చివరను. పసుపు, టమాట, ఎర్రకారము దగ్గరకు రానీయకండి.

లెక్క చూద్దాము. కోడిలో పిండిపదార్థము లేదు. గోబీ, ఉల్లిగడ్డ, పల్లీలు, నువ్వులు, చక్కా అన్నీ కలిపి తపేలా మొత్తములో 80, 90 గ్రాములు. ఆరుగురికి పంచితే మనిషికి సుమారు 15 గ్రాములు. నాలుగు రొట్టెల 200తో పోల్చి చూడండి. మాంసము, పల్లీలు, నువ్వుల బలము ఉన్నది గనుక రెండు గంటలకే ఆకలి కాదు.

మొదటిసారి వడ్డించిన నాడు అమ్మ దూరముగా కూర్చున్నది. "రోగిష్టి కూడు అందరికెందుకు పెడుతున్రు?" అన్నది. అన్న పళ్ళెము చూచి, "అరే, ఇదేంది? పసుపు మరిచిన్రా, కారం మరిచిన్రా?" అన్నాడు.

"ఒక్క బుక్క తిను అన్నా, తరువాత తిట్టు" అన్నాము.

తిన్నాడు. మాట్లాడలేదు. గిన్నె ముందుకు జరిపాడు. వదిన రెండవసారి వేస్తూ, "అత్తమ్మా, మీరు గూడ జర రుచి చూడుండ్రి" అన్నది. అమ్మ నిమ్మకాయ ఇంకొంచెము పిండుమన్నది. పిల్లలు తమ గిన్నెలలో అర రొట్టె విరుచుకొని తిన్నారు. అందరిదీ ఒకే తపేలా. ఆ రాత్రి డబ్బా మూత చప్పుడు కాలేదు.

ఒకే తపేలా అన్నది చిన్న మాటగా తీసుకోవద్దు. వదిన బీడీలు చుడుతుంది. ఆకు కత్తిరించుట, తడుపుట, చుట్టుట, లెక్క అప్పగించుట, వీటి నడుమ ఆమెకు దొరికే సమయము ఎంత? రోగికి ఒక వంట, ఇంటికి ఒక వంట అంటే ఎన్ని దినములు నడుస్తుంది? వేరు పళ్ళెము పెట్టిన ఇండ్లలో పత్యము నిలిచినది మేము చూడలేదు. తనకొకటి, పిల్లలకొకటి వడ్డించుతుంటే ఏ తండ్రి ముద్ద మింగుతాడు?

కూరతో పుండు మానిందని మేము చెప్పము. మందులు, దినదినము కట్లు, డాక్టరుగారి శ్రద్ధ దానిని మాన్పినవి. వేలు నిలిచింది. తిన్న రెండు గంటలకు వ్రేలి నెత్తురు చుక్కతో చూచే అంకెను వదిన తెలుగు క్యాలెండరు గడులలో వ్రాస్తున్నది. రొట్టెల నాటి అంకెలకూ తెల్లకూర నాటి అంకెలకూ తేడా ఉన్నది. అది ఆమెకు కనబడింది, అన్నకు కనబడింది. అంతకంటె మాకు వేరు రుజువు అక్కరలేదు.

ఒక హెచ్చరిక మాత్రము గట్టిగా చెప్పవలె. ఇన్సులిన్ సూది వేసుకొనేవారు, చక్కెరను బలముగా తగ్గించే మాత్రలు వాడేవారు డాక్టరును అడుగక ఒక్కసారిగా రొట్టె మానరాదు. మందు మోతాదు మీరు తినే పిండిని బట్టి పెట్టినది. పిండి తగ్గి మందు తగ్గకుంటే చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, కండ్లు తిరుగుట వస్తవి. తిరిగే మగ్గము ప్రక్కన అట్లు పడిపోతే ఏమగునో చెప్పనక్కరలేదు. అట్టి గుర్తులు కనబడితే వెంటనే బెల్లము గాని చక్కెర నీళ్ళు గాని పుచ్చుకోవలె. మా అన్నకు డాక్టరుగారే మాత్ర తగ్గించి, పూటకు ఒక రొట్టె ఉంచారు. మూత్రపిండముల జబ్బు ఉన్నవారు ఇంత మాంసము తినవచ్చునా అన్నది కూడ వారినే అడుగవలె.

ఖర్చు మాట అడుగుతారు. వారమునకు ఒకసారి కోడి, అది ఆదివారము. నడుమ దినములలో కోడికి బదులు మనిషికి రెండు ఉడికిన గుడ్లు సగముగా కోసి అదే పులుసులో వేస్తున్నాము. ఎముకల పులుసు ఉండదు గనుక జీలకర్ర కొంచెము ఎక్కువ, ఎల్లిగడ్డ కొంచెము ఎక్కువ. మిగిలిన కూరను మరునాడు వేడి చేసేటప్పుడు నీళ్ళ గిన్నెలో తపేలా నిలిపి కాచండి. నేరుగా మంట తగిలితే చక్కా విరుగుతుంది.

శ్రావణములో ఏమి చేయవలెనని ముందు వరుసలోని అక్కయ్యగారు సైగ చేస్తున్నారు. నారళీ పున్నమకు మార్కండేయస్వామి రథము కదిలేదాకా మన ఇండ్లలో చాలామంది నీసు ముట్టరు. ఆ నెల సోయా ముద్దలు వాడండి. వేడి నీళ్ళలో నానవేసి, గట్టిగా పిండి, మళ్ళీ మంచినీళ్ళలో కడిగి ఇంకొకసారి పిండితే దాని పచ్చి వాసన పోతుంది. దానికి తోడు పావు కిలో పనీరు చివరి ఐదు నిమిషములలో వేయండి. పల్లీల ముద్ద, కాల్చిన మిరపకాయ, చక్కా అన్నీ పైన చెప్పినట్లే. భోజనముల గంట మ్రోగుతున్నది గనుక సెలవు తీసుకొంటున్నాము.